చీకటి పెట్టెలో ఎలుక కణితి: కూల్డ్ కెమెరాతో బయోలూమినెసెన్స్ ఇమేజింగ్, పని డైరీ

లూసిఫరేజ్ (లూసిఫెరిన్ అనే పదార్థం అందితే వెలుగు పుట్టించే మిణుగురు ఎంజైము) జన్యువు ఎక్కించిన 4టీ1 రొమ్ము క్యాన్సర్ కణాలను బాల్బ్-సి ఎలుకల్లో పెట్టి, వాటిని కోయకుండా మూడు వారాలపాటు కణితి వెలుగు కొలవాలన్నది పని. రెడీమేడ్ యంత్రం ల్యాబ్‌లో లేదు. కాబట్టి పెట్టె మేమే కట్టాం, ఖగోళ ఫొటోలకు వాడే కూల్డ్ మోనో (సెన్సర్‌ను చల్లబరిచే నలుపు-తెలుపు) కెమెరా బిగించాం. ఏ దశలో ఏం చెడిందో, ఎందుకు చెడిందో, ఏం మార్చామో ఇక్కడుంది.

దశ 0: కాగితాలు, ఎలుకల లెక్క

అల్యూమినియం కోయకముందే రెండు అనుమతులు చేతిలో ఉండాలి. ఎలుకల కోసం సంస్థ జంతు నైతిక సంఘం, అంటే ఐఏఈసీకి ఇచ్చే ఫారం-బి. జన్యువు మార్చిన కణాల కోసం సంస్థ జీవభద్రతా సంఘం, అంటే ఐబీఎస్‌సీ, అనుమతి. రెండోది చాలామంది మరిచిపోతారు, "కణాలు కొన్నవే కదా" అనుకుంటారు. కొన్నవైనా జన్యుమార్పిడి కణాలే.

ఆరు రోజుల కొలతలకు పాత పద్ధతిలో రోజుకు 8 చొప్పున 48 ఎలుకలను చంపి చూడాలి. ఇమేజింగ్‌లో అవే 8 ఎలుకలు ఆరుసార్లు కెమెరా కిందకు వస్తాయి. పైలట్‌కు 4, కణితి లేని కంట్రోల్స్ 2. మొత్తం 14 రాశాం.

ముగింపు హద్దులు కూడా ఫారంలోనే రాయాలి: కణితి ఏ వైపునైనా 15 మి.మీ. దాటితే, బరువు 20 శాతం తగ్గితే, చర్మం పుండుపడితే ఆ ఎలుకకు అక్కడితో ఆపాలి.

దశ 1: పెట్టె (రెండుసార్లు కట్టింది)

మొదటిది 6 మి.మీ. నల్ల యాక్రిలిక్. కంటికి ఇంతకన్నా చీకటి ఉండదు. ఖాళీ పెట్టెలో లెన్సు తెరిచి 60 సెకన్ల ఫ్రేము తీస్తే, లెన్సు మూసి తీసిన డార్క్ కన్నా పిక్సెల్‌కు సగటున 41 కౌంట్లు (వెలుగుకు కెమెరా ఇచ్చే అంకెలు) ఎక్కువ. తలుపు రబ్బరు మార్చాం, మూలల్లో సిలికోన్ పెట్టాం, పైన నల్ల గుడ్డ కప్పాం. తేడా లేదు. అదే ఫ్రేము రాత్రి తొమ్మిదికి తీస్తే 2 కౌంట్లే. గదిలో ఎల్‌ఈడీ ట్యూబులు రెండుసార్లూ వెలుగుతూనే ఉన్నాయి. మారింది కిటికీ ఒక్కటే.

కారణం సందు కాదు, షీటు. రంగు కలిపి నల్లగా చేసిన యాక్రిలిక్ చాలావరకు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలేస్తుంది. ఎండలో అది దండిగా ఉంటుంది, ఎల్‌ఈడీ ట్యూబులో దాదాపు ఉండదు. కెమెరా సిలికాన్ సెన్సర్‌కు 1,000 నానోమీటర్ల దగ్గరిదాకా కనిపిస్తుంది. నల్ల గుడ్డలూ చాలావరకు ఇంతే. షీటు కొనేముందు ఒక నిమిషం పరీక్ష: టీవీ రిమోట్‌ను షీటు వెనక పెట్టి బటన్ నొక్కండి, ఇవతలి నుంచి ఫోను ముందు కెమెరాతో చూడండి. ఊదారంగు చుక్క కనిపిస్తే ఆ షీటు పనికిరాదు.

రెండో పెట్టె:

1. 1.5 మి.మీ. అల్యూమినియం షీటు, లోపలి కొలత 40 × 30 × 50 సెం.మీ.
2. లోపల మ్యాట్ నల్ల పెయింటు, రెండు పూతలు. వారం రోజులు తలుపు తీసి ఆరబెట్టాం. పచ్చిపెయింటు వాసనలో ఎలుకను పడుకోబెట్టకూడదు.
3. తలుపు అంచుకు రెండు వరసల నల్ల ఫోమ్, మధ్యలో షీటు మడత. వెలుతురు రావాలంటే రెండుసార్లు తిరగాలి.
4. మత్తు గ్యాసు ట్యూబులు, వైర్లు ఎస్ ఆకారంలో వంచిన అల్యూమినియం పైపు గుండా లోపలికి. తిన్నగా చిల్లు పెడితే ట్యూబే వెలుతురును మోసుకొస్తుంది.
5. కెమెరా పెట్టె పైన, బయట. లెన్సు మాత్రం కప్పులోంచి కిందికి. కెమెరా ఫ్యాను వేడి లోపలికి రాదు.

మధ్యాహ్నం ఖాళీ ఫ్రేము మళ్లీ తీస్తే డార్క్‌తో తేడా 1 కౌంటు లోపు. ముందుకెళ్లాం.

ఇక లోపల పెట్టే వస్తువులు. తెల్ల కాగితం, మాస్కింగ్ టేపు, కొన్ని మార్కర్ సిరాలు, తెల్ల ప్లాస్టిక్ గది వెలుతురు పీల్చుకుని చీకట్లో నిమిషాలపాటు మిణుకుతాయి. మా పద్ధతి: వస్తువును నిమిషంపాటు ట్యూబులైటు కింద ఉంచడం, పెట్టెలో పెట్టి 300 సెకన్లు తీయడం. 17 వస్తువులు చూస్తే 6 పోయాయి. నల్లగానే ఉన్న డ్రాయింగ్ షీటు కూడా ఆ ఆరింటిలో ఉంది. ఎలుకకు 37 డిగ్రీల ఒంటి వేడి ఉంటుంది కదా, అది కెమెరాకు కనపడదా అని ఎవరో ఒకరు అడుగుతారు. కనపడదు. ఆ వేడి కిరణాలు 10 మైక్రాన్ల దగ్గరివి, సిలికాన్‌కు అందవు.

దశ 2: కెమెరా, లెన్సు

సెన్సర్ ఐఎంఎక్స్571 మోనో: 23.5 × 15.7 మి.మీ., పిక్సెల్ 3.76 మైక్రాన్లు, 16 బిట్. లెన్సు నికాన్ ఎఫ్ మౌంట్ 50 మి.మీ. ఎఫ్/1.4, ఎపర్చర్ రింగు ఉన్న పాత రకం. రింగు లేని జి రకం కొనకండి. నికాన్ బాడీ మీద లేనప్పుడు దాని కంత అతి చిన్నదిగా ముడుచుకుంటుంది, మామూలు అడాప్టర్ దాన్ని తెరవలేదు.

45 సెం.మీ. దగ్గర ఫోకస్ చేస్తే సైజు సుమారు 0.147 రెట్లు. కనిపించే మేర 160 × 107 మి.మీ., అంటే పక్కపక్కన మూడు ఎలుకలు. 8 × 8 బిన్ చేస్తే, అంటే 64 పిక్సెళ్లను ఒకటిగా కలిపితే, ఒక చుక్క ఎలుక మీద 0.2 మి.మీ.

చెడినవి:

ఫోకస్. స్టేజీ మీద స్కేలు పెట్టి ఫోకస్ చేశాం. స్కేలు పదునుగా, ఎలుక మసకగా. ఎఫ్/1.4 దగ్గర ఈ అమరికలో పదునైన లోతు దాదాపు 4.5 మి.మీ. మాత్రమే, పడుకున్న ఎలుక ఎత్తు 20 మి.మీ. పైనే. ఇప్పుడు స్కేలు కింద 15 మి.మీ. చెక్క పెట్టి ఫోకస్ చేసి, రింగును స్క్రూతో బిగించేశాం.

చల్లదనం. ఈ కెమెరా గది కన్నా 35 డిగ్రీలు తక్కువకు దిగగలదు. −10కి పెట్టాం. ఏసీ ఆగిన ఒక మధ్యాహ్నం గది 34కి ఎక్కింది, కూలర్ నూరు శాతం నడిచినా −1 దగ్గరే ఆగింది, ముందు తీసిన డార్క్‌లు సరిపోలేదు. ఇప్పుడు ఏడాదంతా −5. గది 30 డిగ్రీలు దాటితే సెషన్ లేదు. డార్క్‌లు 30, 60, 300 సెకన్లకు 20 చొప్పున తీసి మీడియన్ (వరసలో నడిమి విలువ), నెలకోసారి కొత్తవి.

అంచుల చీకటి. అదే వెలుగును మధ్య నుంచి అంచుకు జరిపితే 22 శాతం తక్కువ చూపించింది. దిద్దకపోతే అంచున పడుకున్న ఎలుకకు ఊరికే మందు పనిచేసినట్టు కనిపిస్తుంది. పాలరంగు యాక్రిలిక్ వెనక మసక ఎల్‌ఈడీ పెట్టి ఫ్లాట్ ఫ్రేములు (అంతటా సమానమైన వెలుగుతో తీసినవి) తీసి, వాటితో భాగించాం. ఆ తర్వాత తేడా 3 శాతం లోపు.

రిఫరెన్సు దీపం. మా లెక్కలు ఫోటాన్లలో లేవు, కౌంట్లలోనే. అందుకే ప్రతి ఫ్రేములో మూల ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, స్థిరమైన కరెంటుతో, ముందు ముదురు ఫిల్టర్. మొదట దాన్ని స్టేజీ మీదే పెట్టాం. స్టేజీ వేడెక్కే కొద్దీ దీపం తగ్గింది. ఎర్ర ఎల్‌ఈడీల వెలుగు వేడికి పడిపోతుంది. గోడ మీదికి మార్చాం.

దశ 3: వెల్ ప్లేటు

నల్ల గోడల 96 వెల్ ప్లేటు. తెల్లది వద్దు, పక్క వెల్ వెలుగు ఇందులోకి పాకుతుంది, పైగా అదీ మిణుకుతుంది.

1. కణాలు 12,500 నుంచి సగం సగం చేస్తూ 98 దాకా, 8 మెట్లు, ఒక్కోటి మూడు వెల్స్.
2. మీడియంలో లూసిఫెరిన్ మి.లీ.కు 150 మైక్రోగ్రాములు.
3. 37 డిగ్రీల్లో 5 నిమిషాలు, తర్వాత 60 సెకన్ల ఫ్రేములు మూడు, మీడియన్.

ఒకటే 180 సెకన్ల ఫ్రేము ఎందుకు కాదంటే, కాస్మిక్ కిరణం తగిలిన చుక్క మూడు ఫ్రేముల మీడియన్‌లో పోతుంది, ఒక్క ఫ్రేములో కణితిలా కూర్చుంటుంది.

195 కణాల దాకా కణాల సంఖ్యకూ వెలుగుకూ సరళరేఖ. 98 కణాల వెల్స్ ఖాళీ వెల్స్ నుంచి విడిపోలేదు. ఇది ప్లేటులో హద్దు. చర్మం కింద ఇంతే అనుకోవద్దు. 37 డిగ్రీల్లో ఈ వెలుగు శిఖరం 610 నానోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. 600 లోపుదాన్ని రక్తంలోని హీమోగ్లోబిన్ తాగేస్తుంది, బయటికొచ్చేది ఎర్ర భాగమే.

ఇప్పటిదాకా: పెట్టెలు 2, పారేసిన షీట్లు 5, ఎలుకలు 0.

దశ 4: వేడి, మత్తు

ఐసోఫ్లూరేన్ (పీల్చే మత్తు): మత్తెక్కించే డబ్బాలో 2.5 శాతం, ముక్కు కోన్ దగ్గర 1.5 శాతం, కోన్‌కు నిమిషానికి 0.4 లీటరు ఆక్సిజన్. ఐసోఫ్లూరేన్ లూసిఫరేజ్‌ను కొంత అణచివేస్తుంది కూడా. అందుకే ఏ రోజైనా శాతం మార్చకూడదు.

చల్లని అల్యూమినియం మీద మత్తులో ఉన్న కంట్రోల్ ఎలుక ఒంటి వేడి 15 నిమిషాల్లో 36.8 నుంచి 33.1కి పడింది. వేడి తగ్గితే రక్తప్రసరణ తగ్గుతుంది, లూసిఫెరిన్ కణితికి చేరడం ఆలస్యమవుతుంది, ఎంజైము వేగమూ మారుతుంది. స్టేజీ కింద 12 వోల్టుల ఫిల్మ్ హీటర్ అంటించి, స్టేజీ పైభాగాన్ని 38 దగ్గర నిలిపాం. మొదటి రోజు ఫ్రేమంతా వెలుగుతో నిండింది: థర్మోస్టాట్ డిస్‌ప్లే పెట్టె లోపలే ఉంది. బయటికి తెచ్చాం. కళ్లకు ఆయింట్‌మెంట్ తప్పనిసరి.

వదిలేసిన గ్యాసు బొగ్గు డబ్బాలోకి. డబ్బా 50 గ్రాములు బరువెక్కితే మార్చాలి. వాసన వస్తే మారుద్దాం అనేది పద్ధతి కాదు, వాసన వచ్చేసరికే పీలుస్తున్నట్టు. కొత్త డబ్బా మీదే మొదటి బరువు రాసి, ప్రతి సెషన్ తర్వాత తూచండి. అడుగున ఉన్న కంతలు బల్లకు ఆనకూడదు.

దశ 5: లూసిఫెరిన్, సమయం (ఎక్కువ తప్పులు ఇక్కడే)

డి-లూసిఫెరిన్ పొటాషియం ఉప్పు 1 గ్రాము. డీపీబీఎస్ (కణాలకు సరిపడే ఉప్పు ద్రావణం) 66.6 మి.లీ.లో కరిగిస్తే మి.లీ.కు 15 మి.గ్రా. 0.22 మైక్రాన్ ఫిల్టరు దాటాక 64 మి.లీ. చేతికొచ్చింది. 2 మి.లీ. చొప్పున 32 ట్యూబులు, రేకు చుట్టి −80లో. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించలేదు.

డోసు కిలోకు 150 మి.గ్రా., అంటే గ్రాము బరువుకు 10 మైక్రోలీటర్లు. 20 గ్రాముల ఎలుకకు 200 మైక్రోలీటర్లు, 3 మి.గ్రా. ఆ రోజు తూచిన బరువే వాడాలి.

పైలట్ 4 ఎలుకలు, నాలుగో రొమ్ము గ్రంథి కొవ్వులో లక్ష కణాలు, 50 మైక్రోలీటర్లలో. కణాలు ట్రిపాన్ బ్లూలో (చచ్చిన కణాలకే అంటే రంగు) 90 శాతం పైన బతికి ఉండాలి, మైకోప్లాస్మా (కణాల్లో చేరే బ్యాక్టీరియా) పరీక్ష ముందే అయి ఉండాలి. కణితి చుట్టూ బొచ్చు ట్రిమ్ చేశాం. బొచ్చు తెల్లదైనా వెలుగును చెదరగొడుతుంది. నల్ల ఎలుకలైతే పూర్తిగా తీయాల్సిందే.

*7వ రోజు, మొదటి కర్వ్ (ఇంజెక్షన్ తర్వాత నిమిషాలకొద్దీ వెలుగు ఎలా మారుతుందో చూపే గీత).* ముందు మత్తు, తర్వాత ఇంజెక్షన్, 4వ నిమిషం నుంచి రెండు నిమిషాలకొక ఫ్రేము. శిఖరం 20వ నిమిషం దాటాక వచ్చింది, నలుగురికి నాలుగు చోట్ల. అసలు వరసలో మాత్రం మేం మెలకువగా ఉన్న ఎలుకకు ఇంజెక్షన్ ఇచ్చి తర్వాతే మత్తు ఇవ్వాలనుకున్నాం. రెండూ ఒకటి కావు, మత్తులో పొట్టలోంచి మందు పీల్చుకోవడం నెమ్మదిస్తుంది. కర్వ్ ఏ పద్ధతిలో తీస్తే కొలతలూ అదే పద్ధతిలో తీయాలి. ఆ రోజు డేటా పారేశాం.

*8వ రోజు.* మెలకువలో ఇంజెక్షన్. శిఖరం 12 నుంచి 16 మధ్య. 30వ నిమిషానికి శిఖరంలో 60 శాతం.

*14వ రోజు.* కణితి పెరిగాక శిఖరం జరుగుతుందేమో చూడాలని మళ్లీ. కర్వ్ పైభాగం బల్లలా చదునుగా వచ్చింది, 10 నుంచి 22 దాకా. వెలుగు శిఖరం దగ్గర నిలకడగా ఉందనుకున్నాం. కాదు. కెమెరా డ్రైవరు 8 × 8 బిన్‌లో 64 పిక్సెళ్లను కలిపి 16 బిట్లలోనే రాస్తోంది. మా ఆఫ్‌సెట్ (వెలుగు లేకున్నా కెమెరా కలిపే అంకె) పిక్సెల్‌కు 500 కౌంట్లు. ఆఫ్‌సెట్ ఒక్కటే 64 × 500 = 32,000. అంటే 65,535లో సగం ఖాళీ ఫ్రేమే తినేసింది. ప్రకాశమైన కణితి మిగతా సగాన్ని నింపి పైకి తన్నుకుంది. విడి పిక్సెళ్లు మాత్రం నిండడానికి చాలా దూరంలో ఉన్నాయి. బిన్ చేయని ఫ్రేము దాచలేదు కాబట్టి వెనక్కి తెచ్చుకోలేకపోయాం.

మార్పు: కెమెరాలో బిన్ 1 × 1, ముడి ఫ్రేములే దాచడం. డార్క్ తీసేశాక 32 బిట్ ఫ్లోట్‌లో బిన్. ఒక్కో ఫ్రేము 50 ఎంబీ పైనే, డిస్కు చవక.

మా కెమెరాది సీఎంఓఎస్ రకం సెన్సర్, దాని బిన్‌కు ఇంకో సంగతి. పిక్సెల్ రీడ్ నాయిస్ (చదివేటప్పుడు చేరే గోల) 1.5 ఎలక్ట్రాన్లయితే 64 కలిపాక అది 12. పాత సీసీడీ సెన్సర్లలో చిప్పు మీదే బిన్ అవుతుంది, రీడ్ నాయిస్ ఒక్కసారే పడుతుంది. కాబట్టి మసక వెలుగుకు బిన్ పెంచితే సీసీడీలో వచ్చేంత లాభం మనకు రాదు, ఎక్స్‌పోజర్ పెంచాలి.

*15వ రోజు.* మళ్లీ అదే కర్వ్, సరైన ఫ్రేములతో. శిఖరం 14 నుంచి 18. పెద్ద కణితిలో కాస్త ఆలస్యం. నిర్ణయం: 12, 14, 16, 18 నిమిషాల్లో నాలుగు 30 సెకన్ల ఫ్రేములు, నాలుగింటిలో పెద్ద విలువ.

ఇప్పటిదాకా: ఇంజెక్షన్లు 18 (కంట్రోల్స్ 2, పైలట్ 16), పనికొచ్చినవి 10. విప్పిన ట్యూబులు 5.

దశ 6: అసలు వరస, 8 ఎలుకలు

4, 7, 10, 14, 17, 21 రోజులు. మూడు, మూడు, రెండు చొప్పున బ్యాచ్‌లు.

1. తూచడం, కాలిపర్‌తో పొడవు, వెడల్పు. ఘనపరిమాణం = పొడవు × వెడల్పు × వెడల్పు ÷ 2.
2. 0 నిమిషం: ఇంజెక్షన్, ఎలుక కుడివైపు పొట్ట కింది భాగంలో, 29 గేజ్ సూది, తల కాస్త కిందికి వంచి. సీకం (పెద్దపేగు మొదట్లోని సంచి) సాధారణంగా ఎడమవైపు ఉంటుంది.
3. 3వ నిమిషం: మత్తు డబ్బా.
4. 8వ నిమిషం: స్టేజీ, ముక్కు కోన్.
5. 10వ నిమిషం: మామూలు వెలుతురులో ఫొటో, ఆ వెంటనే దీపం ఆర్పడం.
6. 12, 14, 16, 18: ఫ్రేములు.
7. లేచి నడిచేదాకా వెచ్చని పంజరంలో. తర్వాతే గదికి.

10వ రోజు 2వ ఎలుక, 17వ రోజు 6వ ఎలుక వెలుగు ముందుసారిలో నాలుగో వంతుకు పడింది. కాలిపర్ మాత్రం పెరుగుదలే చూపింది. సూది పేగులోకో, కొవ్వులోకో పోతే ఇలాగే ఉంటుంది. ఎంత అనుభవమున్న చేతికైనా ఇది తప్పదు. నియమం ముందే రాసుకున్నాం: వెలుగు ముందుసారిలో మూడో వంతు లోపు ఉండి కణితి తగ్గకపోతే, 24 గంటల తర్వాత ఒకే ఒక్కసారి మళ్లీ. రెండింటికీ విలువ తిరిగొచ్చింది. అవి 11, 18 రోజుల కొలతలుగానే రాశాం, 10, 17గా కాదు. నియమం ముందే లేకపోతే నచ్చని విలువలకే "సూది తప్పింది" అనిపిస్తుంది.

5వ ఎలుక, 4వ రోజును 1గా తీసుకుంటే:

7వ రోజు: 3.1
10వ రోజు: 8
14వ రోజు: 19, కాలిపర్ 9 × 7, అంటే 220 ఘన మి.మీ.
17వ రోజు: 27, కాలిపర్ 11 × 9, 445
21వ రోజు: 22, కాలిపర్ 13 × 11, 786

చివరి వరస చూసి కెమెరా చెడిందనుకోవద్దు. రిఫరెన్సు దీపం కదలలేదు. లూసిఫరేజ్‌కు ఏటీపీ (బతికున్న కణంలోని శక్తి అణువు), ఆక్సిజన్ రెండూ కావాలి. కణితి నడుమ రక్తం అందక చచ్చిన భాగం కాలిపర్‌కు కణితే, కెమెరాకు చీకటి. పైగా 4టీ1 కణితి మీద చర్మం పొక్కు కడుతుంది, ఆ నల్ల పొక్కు వెలుగును మింగేస్తుంది. 21వ రోజు రెండు ఎలుకల్లో పుండు మొదలవడం కనిపించింది, అక్కడే ఆపాం. మందుల పరీక్షకు ఈ మోడల్ వాడేవాళ్లు 14వ రోజు దాటాక వెలుగు ఒక్కటే చూసి "కణితి తగ్గింది" అని రాయకూడదు. బాల్బ్-సిలో రోగనిరోధక శక్తి పూర్తిగా ఉంటుంది, దానికి లూసిఫరేజ్ పరాయి ప్రోటీనే. కణాలు దాన్ని వదులుకోవడం కూడా జరుగుతుంది.

ఇప్పటిదాకా: ఇంజెక్షన్లు 68. ఒంట్లోకి వెళ్లిన లూసిఫెరిన్ సుమారు 204 మి.గ్రా. విప్పిన ట్యూబులు 13, అంటే 390 మి.గ్రా. మిగిలిన తేడా అంతా సింకులోకి. 1 మి.లీ. ట్యూబులుగా పంచి ఉంటే అదే పనికి 19 ట్యూబులు, 285 మి.గ్రా. సరిపోయేవి. బొగ్గు డబ్బాల్లో చేరిన బరువు 144 గ్రా., మూడో డబ్బా.

దశ 7: ఊపిరితిత్తులు

4టీ1 ఊపిరితిత్తులకు పాకుతుంది. కానీ అసలు కణితి వెలుగు పక్కన ఛాతీ మెరుపు కనిపించదు. కణితి మీద నల్ల కార్డు కప్పి 300 సెకన్లు తీశాం. కార్డు దశ 1 పరీక్ష పాసైనదే. అంచు కింద నుంచి కారిన వెలుగు ఛాతీ దాకా వచ్చింది. కార్డు అంచుకు నల్ల ఫోమ్ అంటించి ఒంటికి ఆనించాక తగ్గింది. అలా 8 ఎలుకల్లో 3 ఛాతీల్లో వెలుగు, కంట్రోల్ ఎలుకల సగటుకు మూడు ఎస్‌డీల (స్టాండర్డ్ డీవియేషన్ల) పైన.

తర్వాత నిర్ధారణ:

1. లూసిఫెరిన్ ఇచ్చి, 10 నిమిషాలకు ఆమోదించిన పద్ధతిలో ఎలుకను చంపడం.
2. ఊపిరితిత్తులు తీసి, మి.లీ.కు 300 మైక్రోగ్రాముల లూసిఫెరిన్ ఉన్న డీపీబీఎస్‌లో ముంచడం.
3. నల్ల ప్లేటులో, 5 నిమిషాల లోపు 60 సెకన్ల ఫ్రేములు మూడు.

విడిగా తీస్తే 6 ఎలుకల ఊపిరితిత్తుల్లో చుక్కలు. ఒంట్లో కనిపించిన 3 కూడా ఈ ఆరింటిలోవే. మిగతా 3లో చుక్కలు 1 మి.మీ. లోపువి, పక్కటెముకలు, రక్తం దాటి రాలేనివి. ఆరు జతలనూ ఫార్మలిన్‌లో వేసి హిస్టాలజీకి (మైక్రోస్కోపు కింద కణజాల పరీక్షకు) పంపాం. ఛాతీ ఫ్రేములను ఇకపై వెల్లకిలా పడుకోబెట్టి, 300 సెకన్లవి మూడు తీస్తున్నాం. ఒక ఎలుక 16 నిమిషాలు కెమెరా కింద ఉండాలి కాబట్టి ఆ రోజు బ్యాచ్‌కు రెండే ఎలుకలు.